చర్చి తలుపుకు అంటించిన పేర్లు: మిలీషియా జాబితాల్లో పూర్వీకుల జాడ

1797 ఆగస్టులో స్కాట్లండ్‌లోని చాలా పల్లెల్లో జనం గుంపులుగా వెళ్లి బడిపంతులి ఇంటిని చుట్టుముట్టారు. వాళ్లు అడిగింది డబ్బూ కాదు, తిండిగింజలూ కాదు. పంతులి దగ్గరున్న పేర్ల జాబితా, దాంతోపాటు చర్చి బాప్తిస్మాల పుస్తకం. ఆ ఏడాది వచ్చిన మిలీషియా చట్టం, అంటే దేశ రక్షణ దళానికి మనుషుల్ని చేర్చే చట్టం ప్రకారం ఊళ్లో 19 నుంచి 23 ఏళ్ల లోపు కుర్రాళ్ల పేర్లు రాసి పంపాల్సింది పంతులే. ఎవరి వయసు ఎంతో తేల్చేది ఆ బాప్తిస్మాల పుస్తకమే. పుస్తకం లేకపోతే వయసు రుజువు కాదు, వయసు రుజువు కాకపోతే పిల్లాణ్ణి పట్టుకుపోలేరు. జనం లెక్క అదీ. ఆగస్టు 29న ట్రానెంట్ అనే ఊళ్లో గొడవ ముదిరి, సైనికులు జనం మీద విరుచుకుపడ్డారు. పది మందికి పైగా చనిపోయారు.

ఆనాడు జనం చింపి పారేయాలనుకున్న కాగితాలనే ఈనాడు వాళ్ల మునిమనవళ్లు రికార్డు ఆఫీసుల్లో జాగ్రత్తగా పేజీలు తిప్పుతూ చదువుతున్నారు. బ్రిటన్‌లో వంశచరిత్ర వెతికేవాళ్లకు మిలీషియా జాబితాలంత విలువైన ఆధారాలు 18వ శతాబ్దంలో చాలా తక్కువ. అంత తేలిగ్గా పొరపాటు చేయించే ఆధారాలు కూడా తక్కువే. ఆ రెండూ ఒక్క కారణం నుంచే వచ్చాయి: ఈ జాబితా రాసినవాడికి ఎవరి వంశంతోనూ పని లేదు. యుద్ధానికి పనికొచ్చే మనిషి ఎవడు, వదిలేయాల్సిన మనిషి ఎవడు అన్నదే అతనికి కావాలి.

మిలీషియా అంటే జీతానికి చేరిన స్థిర సైన్యం కాదు. దేశం మీదికి ఎవరైనా దండెత్తితే కాపాడడానికి ఊళ్లలోని మామూలు మనుషుల్ని చీటీ వేసి ఎంచి, ఏడాదికి కొన్ని రోజులు కవాతు నేర్పి, అవసరమైనప్పుడు పిలిచే దళం. ఇంగ్లండ్‌లో ఈ పద్ధతి పాతదే అయినా, మూలపడి ఉన్నదాన్ని 1757 చట్టం మళ్లీ లేపి నిలబెట్టింది. అప్పుడు ఫ్రాన్స్‌తో ఏడేళ్ల యుద్ధం నడుస్తోంది. ఫ్రెంచివాళ్లు ఒడ్డున దిగుతారన్న భయంతో అంతకుముందు ఏడాది జర్మన్ ప్రాంతాల నుంచి అద్దె సైనికుల్ని తెచ్చి ఇంగ్లండ్‌లో నిలిపారు. పరాయి సైనికుల మీద ఆధారపడడం చాలామందికి అవమానంగా తోచింది. అందుకని కౌంటీకి (మన జిల్లా లాంటిది) ఇంతమంది అని లెక్క కట్టి, 32 వేల మందికి పైగా సొంత మనుషుల్ని సిద్ధం చేయాలని పార్లమెంటు నిర్ణయించింది.

చట్టం లండన్‌లో పుట్టినా, దాని బరువంతా పడింది ఊరి కాన్‌స్టేబుల్ మీద. ఈ కాన్‌స్టేబుల్ ఇప్పటి పోలీసు కాదు. మన కరణం లాగా తరతరాలుగా లెక్కలు రాసే ఇంటి మనిషీ కాదు. ఊళ్లోని ఏ రైతో, కమ్మరో, చెప్పులు కుట్టే అతనో వంతు ప్రకారం ఏడాదిపాటు మోయాల్సిన చాకిరీ అది. అతను గడప గడపకూ వెళ్లి 18 నుంచి 50 ఏళ్ల మధ్య ఉన్న మగవాళ్లందరి పేర్లూ రాయాలి. ఆ జాబితాను ఆదివారం చర్చి తలుపుకు అంటించాలి. అభ్యంతరాలు ఏ రోజు, ఎక్కడ వింటారో దాని కిందే రాయాలి. తన పేరు ఎందుకు ఉందని అడిగేవాడూ, పక్కింటివాడి పేరు ఎందుకు లేదని అడిగేవాడూ అక్కడే తేలతారు. ఊరందరి కళ్ల ముందు వేలాడిన జాబితా కాబట్టి, పక్షపాతంతో ఒకణ్ణి దాచేయడం అంత సులువు కాదు. వంశచరిత్రకారులు దీన్ని నమ్మడానికి ఉన్న బలమైన కారణాల్లో ఇదొకటి.

ఇంతకీ వంశచరిత్ర వెతికేవాళ్లకు ఈ జాబితాల అవసరం ఎందుకొచ్చింది? బ్రిటన్‌లో మొదటి జనాభా లెక్కలు 1801లో జరిగాయి. కానీ అందులో అంకెలే ప్రధానం. దేశమంతటా ప్రతి మనిషి పేరూ రాసిన లెక్క 1841 దాకా లేదు. అంతకుముందు మామూలు మనిషి కాగితం మీద కనిపించేది ఎప్పుడు? పుట్టి బాప్తిస్మం తీసుకున్నప్పుడు, పెళ్లి చేసుకున్నప్పుడు, పాతిపెట్టినప్పుడు. ఈ మధ్యలో ఇరవై, ముప్ఫై ఏళ్ల నిశ్శబ్దం. భూమి ఉన్నవాడైతే పన్నుల పట్టీలో, వీలునామాలో దొరుకుతాడు. పొలంలో కూలి చేసేవాడు, ఎవరింట్లోనో పాలేరుగా ఉన్న పాతికేళ్ల కుర్రాడు, అద్దెకు ఒక గదిలో మగ్గం పెట్టుకున్న నేతగాడు ఎక్కడా దొరకరు. మిలీషియా జాబితా సరిగ్గా వీళ్లనే పట్టుకుంటుంది. నార్తాంప్టన్‌షైర్‌లో 1777 నాటి జాబితాలు చాలా ఊళ్లకు మిగిలాయి. ఒక కౌంటీలో ఎంతమంది నేత మీద, ఎంతమంది వ్యవసాయం మీద బతికారో లెక్క తీయడానికి ఆర్థిక చరిత్రకారులు కూడా వాటినే ఆశ్రయించారు.

ఒక వరుసను దగ్గరగా చూద్దాం. ఇది నమూనాకు కల్పించిన వరుస, కానీ అసలు జాబితాల్లో ఇలాంటివి కోకొల్లలు: "విలియం కార్టర్, నేతగాడు, పేదవాడు, నలుగురు పిల్లలు." అక్కడ వయసు లేదు, భార్య పేరు లేదు, ఇంటి గుర్తు లేదు. అయినా ఈ ఆరు మాటల్లో ఉన్నది తక్కువేమీ కాదు.

జాబితా 1777ది అనుకుంటే, అప్పటికి పై వయసు 45కి తగ్గింది. కాబట్టి ఈ విలియం ఇంచుమించు 1731 నుంచి 1759 లోపు పుట్టి ఉండాలి. అదే ఊళ్లో అదే పేరుతో 1725లో బాప్తిస్మం పొందినవాడు ఉంటే అతను ఇతను కాదు. పిల్లల సంఖ్య ఊరికే రాయలేదు. ధర్మబద్ధమైన పెళ్లికి పుట్టిన పిల్లలు ఇంతమంది ఉన్న పేదవాణ్ణి చీటీ నుంచి తప్పించే నియమం ఉండేది. ఆ సంఖ్య చట్టం మారినకొద్దీ మారింది. అంటే 1777 నాటికి విలియంకు పెళ్లయింది, నలుగురు పిల్లలు బతికున్నారు. ఇప్పుడు చర్చి రిజిస్టరులో అతని పిల్లల బాప్తిస్మాలు వెతికితే ఐదు కనిపించి, ఒకటి ఖననాల పుస్తకంలో తేలితే లెక్క సరిపోయింది. ముగ్గురే కనిపిస్తే నాలుగో బిడ్డ ఎక్కడ? వేరే ఊళ్లో పుట్టి ఉండొచ్చు. ఆ కుటుంబం అధికారిక చర్చికి కాకుండా మరో ప్రార్థన మందిరానికి వెళ్తూ ఉండొచ్చు. ఒక్క అంకె దగ్గర ఆగితే వెతకాల్సిన రెండు కొత్త దారులు తెరుచుకున్నాయి.

"పేదవాడు" అన్న మాటను కూడా తేలిగ్గా దాటేయకూడదు. అది కాన్‌స్టేబుల్ జాలిపడి రాసిన మాట కాదు, మినహాయింపుకు కావలసిన అర్హత. అలాంటి మాట కనిపిస్తే పారిష్ (ఒక చర్చి కిందికి వచ్చే ఊరు) పేదల లెక్కల పుస్తకాల్లో ఈ కుటుంబానికి బట్టలు, బొగ్గు, ఇంటి అద్దె ఇచ్చిన పద్దులు ఏమైనా ఉన్నాయేమో చూడాలి.

మినహాయింపుల గడి చదువుతుంటే ఊరు ఊరంతా కళ్ల ముందు కదులుతుంది. కుంటి, ఒంటికన్ను, మూర్ఛరోగం, బొటనవేలు లేదు, చెవుడు. మతాధికారులకు, ఒప్పందం రాసుకున్న శిష్యరికపు కుర్రాళ్లకు, సముద్ర నావికులకు, ఆ ఏడాది కాన్‌స్టేబుల్‌కు మినహాయింపు ఉండేది. శిష్యరికం అని కనిపిస్తే ఆ కుర్రాడి తండ్రి ఏ ఊరివాడో చెప్పే ఒప్పంద పత్రం ఎక్కడో ఉండే వీలుంది. ఒక మనిషి కాలు కుంటి అన్న సంగతి రెండున్నర శతాబ్దాల తర్వాత అతని వారసులకు తెలిసేది ఈ ఒక్క కాగితం వల్లే. వీలునామా రాయనివాడికి, సమాధి రాయి లేనివాడికి ఇంతకంటే సొంతమైన ఆనవాలు మరొకటి మిగల్లేదు.

అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. జాబితాలో తాతగారి పేరు కనిపించగానే "మా తాత మిలీషియాలో పనిచేశాడు" అని కుటుంబ వృక్షంలో రాసేస్తారు. అది తప్పు. జాబితాలో ఉండడం అంటే చీటీ వేయడానికి పనికొస్తాడని అర్థం, అంతే. ఊరికి కేటాయించిన సంఖ్య చిన్నది. వందమంది పేర్లున్న ఊరి నుంచి చీటీ తగిలేది ఏ ముగ్గురికో నలుగురికో కావచ్చు. తగిలినవాడు కూడా వెళ్లాలనేం లేదు. పది పౌండ్లు జరిమానా కడితే మూడేళ్లు ఊరట. లేదా తన బదులు వెళ్లే మనిషిని డబ్బిచ్చి కుదుర్చుకోవచ్చు. పది పౌండ్లంటే ఆ రోజుల్లో పొలం కూలీకి ఇంచుమించు ఆరు నెలల సంపాదన. అంత సొమ్ము ఒక్కసారి ఎక్కడ తెస్తాడు? అందుకని చాలా చోట్ల జనం ముందే తలా కాస్త వేసుకుని నిధి పెట్టుకునేవారు. ఎవరికి చీటీ తగిలితే వాళ్ల తరఫున ఆ డబ్బుతో బదులు మనిషిని పంపేవారు. మన ఊళ్లలో చిట్టీలు కట్టుకునేవాళ్లకు ఈ ఏర్పాటు వెంటనే అర్థమవుతుంది. నెపోలియన్ యుద్ధాల కాలానికి బదులు మనిషి ధర ఇరవై పౌండ్లు దాటిపోయింది.

కాబట్టి జాబితా తర్వాత చూడాల్సింది చీటీ తగిలి ప్రమాణం చేసినవాళ్ల పట్టీ. అక్కడ తాత పేరు పక్కన "బదులు" అని మరొకడి పేరుంటే సైన్యంలోకి వెళ్లింది ఆ రెండోవాడు. ఇక్కడ వంశచరిత్రకు ఒక ఊహించని లాభం ఉంది. మిలీషియాను పూర్తిస్థాయిలో పిలిచినప్పుడు, వెళ్లినవాడి భార్యాబిడ్డలకు పారిష్ వారానికి ఇంత అని ఇవ్వాలి. ఎవరి బదులు వెళ్లాడో ఆ మనిషి ఊరే ఆ డబ్బు భరించాలి. బదులు మనిషి కుటుంబం ఉండేది ఒక ఊళ్లో, డబ్బు ఇవ్వాల్సింది మరో ఊరు. అందుకని ఊళ్ల మధ్య ఉత్తరాలు, మేజిస్ట్రేటు ఉత్తర్వులు, రసీదులు పుట్టుకొచ్చాయి. వాటిలో భార్య పేరు, పిల్లల సంఖ్య, వయసులు, దళం పేరు, కెప్టెన్ పేరు ఉంటాయి. పేదవాడి భార్య పేరు, పిల్లల వయసులు ఒకే కాగితం మీద దొరకడం 1841కి ముందు అరుదు. వెతికేవాళ్లలో చాలామంది జాబితా దగ్గరే ఆగిపోయి ఈ రసీదుల దాకా వెళ్లరు. అది పెద్ద నష్టం.

నిజంగా పనిచేసినవాళ్ల జాడ లండన్ శివారులో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంటుంది. అక్కడి యుద్ధశాఖ కాగితాల్లో 13వ వరుస కింద 1780 నుంచి 1878 వరకు మిలీషియా హాజరు పట్టీలు, జీతాల పట్టీలు ఉన్నాయి. వీటిని మస్టర్లు అంటారు. మన దగ్గర ఉపాధి హామీ పనికి వెళ్లేవాళ్లు ఇప్పటికీ వాడే మాట అదే. ఈ మస్టర్లలో పుట్టుపూర్వోత్తరాలు తక్కువ, కానీ దళం ఏ నెలలో ఎక్కడ మకాం వేసిందో తెలుస్తుంది. ఒక చిక్కుముడి విడిపోయేది ఇక్కడే. నడి ఇంగ్లండ్‌లో పుట్టిన మనిషి, అక్కడే చనిపోయిన మనిషి, పెళ్లి మాత్రం ఆ కౌంటీలో ఎక్కడా దొరకదు. ఏళ్ల తరబడి వెతికినా దొరకదు. 1793 నుంచి మిలీషియా దళాలు సొంత కౌంటీ వదిలి సముద్రతీరాల్లో కాపలా కాశాయి. అతని దళం ఏ ఓడరేవులో శీతాకాలం గడిపిందో మస్టర్‌లో చూసి, ఆ ఊరి చర్చి పుస్తకం తెరిస్తే పెళ్లి అక్కడ కనిపించవచ్చు. వరుడి పేరు పక్కన ఫలానా కౌంటీ మిలీషియా అని రాసి ఉంటే అనుమానమే లేదు. మొదటి బిడ్డ బాప్తిస్మం ఒక కంటోన్మెంటులో, రెండో బిడ్డది రెండు వందల మైళ్ల అవతల మరో చోట ఉండడం కూడా ఆ రోజుల్లో మామూలే.

పేరు కనిపించకపోవడం గురించి కాస్త నెమ్మదిగా ఆలోచించాలి. 1759 జాబితాలో ఉన్న మనిషి 1762 జాబితాలో లేడు. చనిపోయాడని తీర్మానించే ముందు గుర్తుంచుకోవాల్సింది, ఆ 1762లోనే పై వయసు 50 నుంచి 45కి దిగింది. ప్రతి ఊళ్లోనూ నడివయసు మగవాళ్లు ఒక్కసారిగా మాయమైనట్టు కనిపిస్తే అది అంటురోగం కాదు, చట్టం. వలస పోయి ఉండొచ్చు, స్వచ్ఛందంగా సైన్యంలో చేరి ఉండొచ్చు. మినహాయింపు ఉన్నవాళ్ల పేర్లు కొందరు కాన్‌స్టేబుళ్లు కారణంతో సహా రాశారు, కొందరు అసలు రాయడమే మానేశారు. అందుకే ఒక ఊరి జాబితాను పట్టుకుని తీర్పు చెప్పే ముందు, ఆ ఏడాది రాసినవాడి పద్ధతి ఏమిటో మొత్తం కాగితం చదివి పట్టుకోవాలి. కావలసిన ఒక్క పేరును ఇండెక్స్‌లో వెతికి ఫోటో తీసుకుని వెళ్లిపోయేవాళ్లకు ఈ సంగతి ఎప్పటికీ తెలియదు.

పేర్ల వర్ణక్రమం సంగతి సరేసరి. చెవిన పడ్డట్టు రాసుకున్న పేర్లవి. ఒకే కుటుంబం పేరు మూడేళ్లలో మూడు రకాలుగా కనిపించవచ్చు. ఇంటర్నెట్‌లో సెర్చ్ చేసి లేదని వదిలేయకుండా, ఆ పేరును ఊరివాడు ఎలా పలికి ఉంటాడో పైకి అనుకుని వెతకాలి.

భయం కూడా కాగితాలను మార్చింది. 1757లో యార్క్‌షైర్‌లో, లింకన్‌షైర్‌లో జనం కాన్‌స్టేబుళ్ల మీద పడి జాబితాలు లాక్కున్నారు. పేరిచ్చినవాళ్లను సముద్రం దాటించి పంపేస్తారన్న వదంతి ఊరూరా పాకింది. 1761 మార్చి 9న హెక్సమ్ పట్నంలో చీటీకి వ్యతిరేకంగా చేరిన జనం మీద కాల్పులు జరిగి యాభై మంది దాకా చనిపోయారు. కాల్చింది కూడా ఒక మిలీషియా దళమే, నార్త్ యార్క్‌షైర్ నుంచి వచ్చింది. ఇలాంటి రోజుల్లో రాసిన జాబితాల్లో కొందరు కుర్రాళ్లు పక్క ఊరి బంధువుల ఇంటికి సర్దుకుని ఉంటారని అనుకోవడం తప్పు కాదు. క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్ల సంగతి వేరు. ఆయుధం పట్టడం వాళ్ల మతానికి విరుద్ధం, బదులు మనిషికి డబ్బివ్వడం కూడా పాపమే. చీటీ తగిలిన క్వేకరు ఇంటి నుంచి గిన్నెలో, గింజలో, పశువులో జప్తు చేసి ఆ డబ్బుతో బదులు మనిషిని కుదిర్చేవారు. ఏ ఇంటి నుంచి ఏ వస్తువు ఎంత విలువకు తీసుకుపోయారో క్వేకర్లు తమ పుస్తకాల్లో ఓపిగ్గా రాసుకున్నారు. వాళ్ల వారసులకు మిలీషియా జాబితా కంటే ఆ జప్తుల పుస్తకమే ఎక్కువ చెబుతుంది.

మిగిలిన జాబితాలు అన్ని చోట్లా సమానంగా లేవు. హెర్ట్‌ఫోర్డ్‌షైర్‌కు, నార్తాంప్టన్‌షైర్‌కు, డోర్సెట్‌కు చాలా దొరుకుతాయి. కొన్ని కౌంటీలకు ఏమీ లేవు. ఉన్నవి ఎక్కువగా ఆయా కౌంటీ రికార్డు ఆఫీసుల్లోని లెఫ్టినెన్సీ (కౌంటీ మిలీషియాను చూసే అధికారి కార్యాలయం) కాగితాల మధ్య, కొన్ని పారిష్ పెట్టెల్లోనూ ఉంటాయి. 1798లో దండయాత్ర భయం మరీ పెరిగినప్పుడు తీసిన మరో లెక్క ఒకటి బకింగమ్‌షైర్‌కు నిండుగా మిగిలింది. 15 నుంచి 60 ఏళ్ల మధ్య ఉండి, అప్పటికి సైన్యంలో లేని మగవాళ్లు సుమారు 23,500 మంది పేర్లు, వృత్తులు అందులో ఉన్నాయి. గుర్రాలు, బండ్లు, పిండిమరలు ఎవరికున్నాయో కూడా రాశారు. చీటీ పద్ధతి 1831 తర్వాత ఆగిపోయింది. 1852లో మిలీషియా మళ్లీ లేచినప్పుడు ఇష్టపడి చేరేవాళ్లతోనే నడిచింది. ఆ చేరిక పత్రాలు నేషనల్ ఆర్కైవ్స్‌లోని యుద్ధశాఖ కాగితాల్లో 96వ వరుసలో ఉన్నాయి. అవి వేరే లోకం: పుట్టిన ఊరు, వయసు, పని ఇచ్చిన యజమాని, ఎత్తు, కళ్ల రంగు, జుట్టు రంగు అన్నీ ఉంటాయి.

అమెరికా కూడా ఇదే పద్ధతిని తనతో తీసుకెళ్లింది. 1792 చట్టం 18 నుంచి 45 ఏళ్ల లోపు స్వేచ్ఛగా ఉన్న తెల్లజాతి పౌరులందరినీ నమోదు చేయమంది. అక్కడి జనాభా లెక్కల్లో 1850 వరకు ఇంటి పెద్ద పేరొక్కటే రాసేవారు కాబట్టి, ఇంట్లో ఉన్న పెద్ద కొడుకుల పేర్లకు మిలీషియా పట్టీలే దిక్కు. అంతర్యుద్ధ కాలంలో 1863 మార్చి చట్టం కింద తీసిన నమోదు పుస్తకాలు మరింత వివరంగా ఉంటాయి: వయసు, రంగు, వృత్తి, పెళ్లయిందా లేదా, పుట్టిన రాష్ట్రం లేదా దేశం. పౌరసత్వం కోరతానని కాగితం వేసిన వలసదారులనూ అందులో చేర్చారు. అందువల్ల ఐర్లండ్‌లో, జర్మనీలో పుట్టిన మనిషి ఆ పట్టీలో కనిపిస్తే, అతని పౌరసత్వ దరఖాస్తు ఏ కోర్టులోనో ఉండే అవకాశం ఎక్కువ. 300 డాలర్లు కడితే తప్పించుకోవచ్చన్న నిబంధన మీద పేదల కోపం ఆ జూలైలో న్యూయార్క్ వీధుల్లో రోజుల తరబడి మండింది.

తెలుగువాళ్ల పూర్వీకుల మీద ఇలాంటి చీటీ ఎప్పుడూ పడలేదు. కానీ వంశంతో పనిలేనివాడు తన అవసరానికి రాసుకున్న పట్టీలో తాతముత్తాతలు దొరకడం మనకూ ఉంది. 1860 నుంచి 1911 వరకు దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు, ఎక్కువగా చెరకు తోటల పనికి, సుమారు 1,52,000 మంది ఓడల్లో వెళ్లారు. మద్రాసు రేవు నుంచి వెళ్లినవాళ్లలో విశాఖపట్నం, గంజాం జిల్లాల తెలుగువాళ్లు చాలామంది. వాళ్ల ఓడ జాబితాలను కూడా మిలీషియా జాబితా చదివినట్టే చదవాలి. గుమస్తాకు కావలసింది ఒప్పందం తప్పి పారిపోతే పట్టుకోవడానికి ఆనవాలు. అందుకే మనిషికి ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది గుర్తులు రాశాడు. ఇంటిపేరుతో అతనికి పని లేదు కాబట్టి చాలా వరకు రాయలేదు. ఊరి పేరు చెవిన పడ్డట్టు ఇంగ్లీషు అక్షరాల్లో దిగింది. ఈనాడు డర్బన్‌లో ఉన్న కుటుంబం తన ఊరు కనుక్కోవాలంటే ఆ అక్షరాలను తెలుగు నోటితో పలికి చూసుకోవాలి. ముందు తాలూకా పేరు ఖాయం చేసుకుని, ఆ తాలూకాలో ఆ శబ్దానికి దగ్గరగా ఉన్న ఊళ్లన్నీ రాసుకుని, ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ రావాలి. అదే ఓడలో, పక్క పక్క నంబర్లతో, అదే ఊరి నుంచి ఎక్కినవాళ్లు ఎవరో కూడా చూడాలి. ఒక గుమస్తాకు సరిగా వినపడని ఊరి పేరు తర్వాతి వరుసలో కాస్త స్పష్టంగా పడి ఉండొచ్చు.